చల్లారిన తువ్వాలు

ఆ వీధిలో గడ్డం గీసే కొట్లు నాలుగున్నా జనం తువ్వాలాయన కోసమే కాచుకుని కూర్చుంటారు. కత్తి పెట్టే ముందు ఆయన ముఖం మీద ఆవిరి తువ్వాలు కప్పుతాడు. మిగతా కొట్లలో అది ఒక నిమిషం, ఇక్కడ ఒక్కోసారి ఐదు నిమిషాలు. "మా బావ మహిమంతా ఆ తువ్వాల్లోనే ఉందండీ" అని రెండో కుర్చీ దగ్గర పనిచేసే బావమరిది వచ్చినవాళ్ళందరి చెవిలో ఊదరగొడుతుంటాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే అసలు సంగతి అతనికి చెప్పలేదు.

మూడేళ్ళ కిందట ఒకరోజు, పని మధ్యలో, ఏ కారణమూ లేకుండా ఆయన గుండె దడదడలాడింది. ఊపిరి గొంతులోనే ఆగింది. చేతులు వణికాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ, "మీ గుండె నిక్షేపంగా ఉంది. దీన్ని పానిక్ అటాక్ అంటారు. వస్తుంది, పోతుంది, చంపదు" అంది. చంపదు, సరే. కత్తి పట్టినవాడి చెయ్యి వణుకుతుందని తెలిస్తే ఎవడు మెడ అప్పగిస్తాడు? ఆయనకి వచ్చిన పని అదొక్కటే.

డాక్టరమ్మ చెప్పినవి తూచా తప్పకుండా చేశాడు. ఊపిరి నెమ్మదిగా వదలడం, మణికట్టు మీద చన్నీళ్ళు పోసుకోవడం, కంటికి కనబడే ఐదు వస్తువుల పేర్లు లోపలే అనుకోవడం. దువ్వెన, కత్తెర, పౌడరు డబ్బా, నూనె సీసా, బావమరిది బొజ్జ. ఐదోది ఎటు తిరిగినా కనబడేది, వెతుక్కోనక్కర్లేదు. తువ్వాలు మాత్రం సొంత తెలివి. ముఖం కప్పేస్తే వణుకు ఎవరు చూస్తారు?

వణుకు పోయాక గట్టెక్కానన్న సంతోషమైనా మిగలదు. భయమూ ఆకలీ కోపమూ, అన్నీ దానితోపాటే పోతాయి. "ఏమిటండీ అలా ఉన్నారు?" అని భార్య అడిగితే "ఏం లేదు" అంటాడు. అబద్ధం కాదు, లోపల నిజంగానే ఏమీ ఉండదు.

ఆ శనివారం తువ్వాళ్ళు వేడిచేసే ఆవిరి డబ్బా పాడైంది. బావమరిది దాన్ని బాగుచేయించడానికి పట్టుకెళ్ళాడు. అంతలో రిటైరైన లెక్కల మాస్టారు వచ్చి కూర్చున్నారు. ఆయన మెడ చర్మం వదులై మడతలు పడింది, కత్తి జాగ్రత్తగా నడపాలి.

"ఈ పూటకి నురుగుతోనే కానిచ్చేద్దాం మాస్టారూ" అంటూ కత్తికి కొత్త బ్లేడు వేస్తుండగా మళ్ళీ ఆ దడ వచ్చింది. కత్తి బల్ల మీద పెట్టేశాడు. చేతికందిన తువ్వాలు కుళాయి కింద తడిపి, మాస్టారి ముఖం మీద కప్పేశాడు. గడ్డం గీసే ముందు చన్నీళ్ళ తువ్వాలు వేస్తే వెంట్రుక బిరుసెక్కుతుందని నిన్న పనిలో చేరినవాడికి కూడా తెలుసు. కప్పాక గానీ ఆయనకి గుర్తు రాలేదు. కుర్చీ వీపు పట్టుకున్నాడు. దువ్వెన. కత్తెర. పౌడరు డబ్బా. సీసా. ఐదోది లేదు. ఎంత వెతికినా ఏదీ కంటికి ఆనలేదు.

"తువ్వాలు చల్లగా ఉందోయ్" అన్నారు మాస్టారు లోపల్నుంచి.

తువ్వాలాయన కుర్చీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"కంగారేం లేదు. నీ చెయ్యి కుదురుకున్నాకే మొదలుపెట్టు."

"మీకు... తెలుసా?"

"మూడేళ్ళబట్టీ తెలుసు. నువ్వు కుర్చీ పట్టుకుంటావు కదా, నాతో సహా ఊగుతుంది."

"మరెందుకు వస్తున్నారు మాస్టారూ?"

"ఒక్క గాటైనా పెట్టావా నాకు? వణుకుతున్నంతసేపూ కత్తి ముట్టుకోవు. అంత జాగ్రత్త ఇంకెవడికుంది?"

ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. సంతోషమూ రాలేదు. తువ్వాలు తీసేశాడు. చెయ్యి దాచుకోలేదు. అది అద్దంలో వణుకుతూనే ఉంది. మాస్టారు దాన్ని చూశారు, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు.

దువ్వెన, కత్తెర, పౌడరు డబ్బా, సీసా. ఐదోది మాస్టారి మెడ.