మూత తీసిన టిఫిన్ బాక్సులు

పెద్ద క్లాసు పిల్లలు కత్తులు తెచ్చి కొట్టుకున్నప్పటి నుంచి మా అమ్మాయి స్కూల్లో గేటు దగ్గరే బ్యాగులు వెతుకుతున్నారు. ఈ ఉదయం వాచ్‌మన్ దాని స్టీలు టిఫిన్ బాక్సు మూత తీయించాడు. చెనక్కాయల పొడి వాసన గుప్పుమంది. నాకు గార్లదిన్నె దగ్గర మన ఊరి బడి వరండా కళ్లముందు నిలిచింది.

ఆ బడిలో నాతో చదివిన మీకూ గుర్తుండే ఉంటుంది. ఊరు రెండు వర్గాలై, దారిలో ఎవరో వదిలేసిన టిఫిన్ బాక్సు పేలాక, మూత పెట్టిన డబ్బా ఏది చూసినా మనకు గుండె దడే. పెద్దలెవరూ చెప్పకుండానే, ప్రార్థనకు ముందు అందరం వరండాలో మూతలు తీసి పెట్టేవాళ్లం.

అవతలి వర్గం సుజాతకు అదీ చాల్లేదు. నా బాక్సులోకి తొంగిచూసి, "రొట్టె కింద ఏం పెట్టుకోనొచ్చినావో ఎవరికి తెలుసు? ముందు నువ్వు తిను" అంది.

"నీది నువ్వూ తిను, చూస్తా" అన్నాను.

అలా తినీ తినీ, ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టేదాకా వచ్చాం. దాన్ని స్నేహమని ఎవరైనా అంటే ఇద్దరికీ ఒళ్లు మండేది. మేం చేసేది సోదా. ఇంట్లో బడి మానమన్నా మానలేదు. మనం పోకపోతే అవతలివాళ్లు ఏం తెస్తున్నారో ఎవరు చూస్తారు?

మొన్న సుజాత మా ఇంటికి భోజనానికి వచ్చింది. వడ్డించినా కంచం ముట్టకుండా నా వైపే చూస్తూ కూర్చుంది.

"ఇంగా అనుమానమేనా సుజాతా?" అన్నాను, ముద్ద నోట్లో పెట్టుకుని.

"ముందు మింగు" అంది.