భర్త పేరు దగ్గర ఖాళీ

అరవై ఒక్కేళ్ళ అమ్మాజీని అయిదేళ్ళ పిల్లగా తేల్చిన లిస్టు బందరులో తయారైంది. తయారుచేసింది వినీల. ఎవరి మీదా కక్ష లేని, ఏ పూటా పని ఎగ్గొట్టని మనిషి.

వినీలది గుడివాడ అవతల పెదపారుపూడి. తండ్రి ఎలీషా రైసుమిల్లులో బస్తాలు మోశాడు. తల్లి కృపాకుమారి నాట్లకీ కోతలకీ వెళ్ళేది. గుడివాడలో బీకాం చదివించారు గానీ కంప్యూటర్ మాత్రం ఆమెకి ఎవరూ నేర్పలేదు. పాత లాప్‌టాప్ ఒకటి సంపాదించి, ఫోన్లో వీడియోలు చూస్తూ, అర్థం కానిచోట వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తూ స్క్రిప్టులు రాయడం నేర్చుకుంది. స్క్రిప్ట్ అంటే మరేం లేదు, కంప్యూటర్‌కి వరసగా రాసిచ్చే పనుల చీటీ. ఆ చదువుతోనే ఇరవై ఎనిమిదో ఏట బందరులో ఒక ఏజెన్సీలో చేరింది. రోల్డ్‌గోల్డ్ షాపు పైన రెండు గదులు. దరఖాస్తుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఏరి, లిస్టులు చేసి ఆఫీసులకి ఇవ్వడం అక్కడి పని. యజమాని గోవర్ధనరావు. పక్క కుర్చీలో నీలోఫర్, బందరు పిల్లే.

ఆ ఏడు కృష్ణ పొంగి దివిసీమ లంకల్లో ఇళ్ళు మునిగాయి. కూలిన ఇళ్ళకి బదులు కొత్తవి కట్టిస్తామన్నారు. ఇల్లు ఆడవాళ్ళ పేరునే ఇస్తారు. ఆరు వేల సర్వే కాగితాలు వచ్చాయి. ఒక్కో కాగితంలో అయిదు గడులు: పేరు, భర్త పేరు, వయసు, ఇంట్లోకి ఎన్ని అడుగుల నీళ్ళొచ్చాయి, ఊరు. పద్దెనిమిదేళ్ళు నిండాలి. నీళ్ళు మూడడుగులకి తగ్గకూడదు. ఈ రెండూ చూసి అర్హుల్నీ అనర్హుల్నీ విడగొట్టే స్క్రిప్ట్ వినీల రాసింది.

పది పేర్లతో నడిపి చూసినప్పుడు ఒక తేడా కనబడింది. భర్త పేరు డేవిడ్ రాజు అని ఉంటే, మధ్యలో ఖాళీ దగ్గర స్క్రిప్ట్ దాన్ని విరిచేస్తోంది. డేవిడ్‌ని భర్త అనుకుని, రాజుని వయసు అనుకుంటోంది. వినీల అలాంటి పేర్ల మధ్య చిన్న గీత పెట్టి అతికించేసింది. తేడా పోయింది. పోయిందనే అనుకుంది. ఆ పదిమంది కాగితాల్లోనూ భర్త పేరు గడి నిండే ఉంది మరి.

లిస్టు వెళ్ళిన పది రోజులకి అమ్మాజీ వచ్చింది. మోపిదేవి దాటి ఇంకా లోపలికి వెళ్తే వచ్చే లంక ఊరు ఆమెది. రెండు బస్సులు మారి, వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటూ వచ్చి, మెట్లెక్కిన ఆయాసం తీరకముందే ఆధార్ కార్డు బల్ల మీద పెట్టింది.

"నేను మైనర్‌నంట. అంటే ఏంటమ్మాయ్?"

"పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళండీ," అంది వినీల.

"నా మనవరాలికే ఇరవై నిండాయి."

నీలోఫర్ స్క్రీన్ మీదకి వంగింది. "అయిదేళ్ళని ఉందే ఇక్కడ. పిన్నిగారూ, పాలపళ్ళు ఊడాయా లేదా?"

"అవీ ఊడినయ్, తర్వాత వచ్చినవీ ఊడినయ్," అని అమ్మాజీ బోసినోటితో నవ్వింది.

వినీల నవ్వలేదు. కాగితం వెతికి తీసింది. వయసు అరవై ఒకటి అని స్పష్టంగానే ఉంది. నీళ్ళు అయిదడుగులు. భర్త పేరు దగ్గర ఏమీ లేదు.

"ఇది వదిలేశారేంటండీ?"

"సర్వేకొచ్చిన ఏసుపాదం అడిగాడమ్మా. మా ఆయన ఇల్లొదిలి పందొమ్మిదేళ్ళు. ఎక్కడో బతికే ఉన్నాడంటారు. పేరుకి ముందు లేట్ అని రాసేద్దాం అత్తా అన్నాడు. బతికున్నోణ్ణి చచ్చాడని ఎట్టా రాయిస్తాను? పోనీ పేరు చెప్పమన్నాడు. ఆ పేరు నా నోటెంట రాదన్నాను. సరే వదిలేద్దాంలే అన్నాడు."

వినీల అనర్హుల లిస్టు తెరిచింది. వయసు నాలుగు. వయసు ఆరు. వయసు అయిదు. మళ్ళీ నాలుగు. నూట నలభై మూడు మంది 'మైనర్లు'. కాగితాలు తీసి చూస్తే అందరికీ అదే గడి ఖాళీ. మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసినవాళ్ళు, అసలు పెళ్ళే చేసుకోనివాళ్ళు.

అప్పుడు తెలిసింది. పని మొదలుపెట్టే ముందు స్క్రిప్ట్ ఒక్కో గడిలో ఉన్నదాన్ని తీసి వరసగా నిలబెడుతుంది. మొదటిది పేరు, రెండోది భర్త, మూడోది వయసు, అలా స్థానాన్ని బట్టే గుర్తుపడుతుంది. ఒక్కోదాని చుట్టూ కొటేషన్ గుర్తులు పెడితే ఖాళీ గడి కూడా ఖాళీగానే తన చోట నిలబడుతుంది. పెట్టకపోతే ఆ చోటే ఉండదు. క్యూలో ఒకరు తప్పుకుంటే వెనకవాళ్ళు ముందుకి జరిగినట్టు, వయసు వెళ్ళి భర్త చోట నిలబడింది, నీళ్ళ లెక్క వచ్చి వయసు చోట నిలబడింది. అమ్మాజీ ఇంట్లోకి వచ్చిన అయిదడుగుల వరదే అమ్మాజీ వయసైంది. పేరు విరిగిన రోజునే ఆ గుర్తులు పెట్టి ఉంటే రెండు తప్పులూ పోయేవి. గీత పెట్టి అతికించి ముందుకెళ్ళిపోయింది తనే.

ఇందులో కుట్ర లేదు. కుట్ర అయితే ఎవరినో పట్టుకుని నిలదీయొచ్చు. ఆడమనిషికి ఇల్లు ఇవ్వడానికి కూడా మొగుడి పేరు అడిగే కాగితం ఎవరో తయారుచేశారు. ఆ గడి ఖాళీగా ఉండే ఆడవాళ్ళు లోకంలో ఉంటారని వాళ్ళకి తట్టలేదు. అలాంటి ఆడవాళ్ళ మధ్యే పెరిగిన వినీలకీ తట్టలేదు.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. మళ్ళీ నడిపితే నూట ముప్పై తొమ్మిది మంది అర్హుల్లోకి వచ్చారు. మిగిలిన నలుగురి ఇళ్ళలోకి మూడడుగుల నీళ్ళు రాలేదు. అమ్మాజీని కూర్చోమని చెప్పి వినీల యజమాని గదిలోకి వెళ్ళింది.

"సార్, వరద లిస్టు తప్పు వెళ్ళింది. సరిచేశాను, మళ్ళీ పంపాలి."

గోవర్ధనరావు అంతా విన్నాడు. తెలివైనవాడు, వెంటనే అర్థమైంది. "గడి ఖాళీగా వదిలింది ఎవరు?"

"వదిలినా తీసుకోవాలి కదండీ. తప్పు నాదే."

"ఆ మాట బయట అనకు. లిస్టు మీద సంతకాలైపోయినయ్. ఇప్పుడు తప్పంటే వచ్చే పని మనకివ్వరు. నువ్వూ నేనూ నీలోఫరూ కిందకి దిగి గాజులమ్ముకోవాలి. అయినా అభ్యంతరాలకి వారం గడువిచ్చారుగా, ఎవరూ పెట్టుకోలేదు."

"వాళ్ళకి తెలిస్తే కదండీ. గడువెప్పటిదాకా?"

"నిన్నటిదాకా."

కనుక్కుని కబురు చేస్తానని చెప్పి వినీల అమ్మాజీని పంపేసింది. ఆ సాయంత్రమే గోవర్ధనరావు తర్వాతి విడత ఫారంలో భర్త పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టించాడు. అది నింపకపోతే దరఖాస్తు ముందుకి కదలదు. ఒకసారి అనర్హులైనవాళ్ళు ఎటూ మళ్ళీ పెట్టుకోవడానికి లేదు, ఒక ఆధార్‌కి ఒకటే దరఖాస్తు.

"పదమూడేళ్ళు ఆగితే మేజరవుతుందిలే," అంది నీలోఫర్. అన్నాక తనే తల దించుకుంది.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. వినీల సెలవు పెట్టి, జరిగిన తప్పంతా రెండు పేజీల్లో రాసి, నూట ముప్పై తొమ్మిది పేర్లూ జతచేసి పట్టుకెళ్ళింది.

"మీరు లబ్ధిదారులా?" అడిగాడు కౌంటర్లో గుమాస్తా.

"కాదండీ. ఆ స్క్రిప్ట్ రాసినదాన్ని."

"అయితే మీ అర్జీ తీసుకోవడానికి లేదమ్మా. ఏజెన్సీ నుంచి లెటర్ రావాలి."

రెండో సోమవారం కూడా అదే మాట. మూడో సోమవారం ఆమె పోరు పడలేక తీసుకుని రసీదు నంబరిచ్చారు. ఆ నంబరు కొట్టి రోజూ ఫోన్లో చూసుకునేది. పన్నెండో రోజున 'పరిష్కరించబడింది' అని వచ్చింది. కింద కారణం ఉంది: లిస్టుతో సరిచూడగా దరఖాస్తుదారులు మైనర్లని తేలినది.

సంగతి గోవర్ధనరావు చెవిన పడింది. తిట్టలేదు. స్క్రిప్టుల పని తీసేసి, కాగితాలు చూసి టైపు కొట్టే సీట్లోకి మార్చాడు. ఎర్ర చుక్క ఉన్న కొత్త ఫారాలు ఇప్పుడు వినీలే ఎక్కిస్తోంది. భర్త పేరు దగ్గర రకరకాల పేర్లు వస్తున్నాయి. చనిపోయిన తండ్రి పేరు, అన్న పేరు. ఒకామె పాస్టరు గారి పేరు రాసింది. వినీల ఏదీ ఆపకుండా కొట్టేస్తోంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మాజీ ఊరికి వెళ్ళింది. ఇల్లున్నచోట ఒక గోడ మిగిలింది. దానికి నీలం టార్పాలిన్ కట్టి నాలుగు వెదురుబొంగులు నిలబెట్టారు. తల ఎత్తున గోడ మీద బురద గీత ఇంకా ఉంది.

ఇల్లు రాదని వినీల చెప్పింది. ఎందుకు రాదో, గుర్తులు లేక గడులు ఎలా జరిగాయో, చెంబునీ గ్లాసునీ వరసగా పెట్టి చూపించింది.

అమ్మాజీ శ్రద్ధగానే విన్నది. "ఇంతకీ తప్పెవరిదమ్మాయ్?"

"నాదేనండీ."

"చదువుకున్నదానివి," అంది అమ్మాజీ. చెంబూ గ్లాసూ తీసి గోడ వారన పెట్టింది.

వినీల రెండు పేజీల అర్జీ కాపీ తీసి అందించింది. కింద తన సంతకం ఉంది.

"ఇది చూపిస్తే ఇల్లిస్తారా?"

"ఇవ్వరు పిన్నిగారూ."

"మరి నాకెందుకు? ఇక్కడ ఎక్కడ దాచినా తడుస్తది. నువ్వే పట్టుకుపో."

వినీల కాగితాలు బ్యాగులో పెట్టుకుంది. బస్సు రావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఇద్దరూ ఆ గోడ నీడలోనే కూర్చున్నారు.