ఎత్తురోడ్డు మీద మౌనం

మరమ్మతుల వీధిలో ఆయనను అందరూ చెవి మేస్త్రి అనేవారు. పాత కార్ల ఇంజనులో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో ఆయన దీపం పెట్టి చూసేవాడు కాడు, వినేవాడు. కారును ఎత్తురోడ్డు ఎక్కించి, లోపల టకటక శబ్దం మొదలయ్యేదాకా రవ్వ పడే సమయాన్ని మార్చే డిస్ట్రిబ్యూటరును ముందుకు జరిపి, ఆపై వెంట్రుకవాసి వెనక్కి తెచ్చేవాడు. ఆ శబ్దం వస్తుండగా ఇంకా ముందుకు జరిపితే ఇంజను లోపల కాలిపోతుంది. ఆయన వింటున్నంతసేపు కారులో ఎవరూ నోరు మెదపరాదు. అది ఆయన నియమం.

ఇటీవల ఆయన చేయి పడిన కార్లు తిరిగి రాసాగాయి. ఇంట్లో భార్య పిలిచినా పలకడం లేదు. "పెళ్ళయినప్పటి నుంచీ అంతేగా" అని ఆమె నవ్వేది. ఆయన నవ్వేవాడు కాడు.

ఆ ఉదయం బావమరిది తన టాక్సీని తెచ్చాడు.

"ఎంత తొక్కినా వేగం అందుకోవట్లేదు బావా. పుట్టింటి నుంచి మా అక్క బయల్దేరినట్టుంది."

"మీ అక్క వింటే నీకు అన్నం పెట్టదు. బానెట్ ఎత్తు."

మేస్త్రి డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపల తిరిగే రోటరును వేళ్ళతో మెలితిప్పి వదిలాడు. వెంటనే వెనక్కి రావలసినది అక్కడే నిలిచిపోయింది. ఇంజను వేగంతో పాటు విచ్చుకొని రవ్వను ముందుకు జరపవలసిన చిన్న బరువులు, దాని కింద తుప్పుతో బిగుసుకున్నాయి. వాటిని కిరోసిన్‌తో కడిగి, నూనె వేసి, మళ్ళీ తిప్పి వదిలాడు. రోటరు చటుక్కున వెనక్కి వచ్చింది. చాలాకాలానికి ఆయన ముఖం విప్పారింది.

ఇక మిగిలినది వినడమే.

ఎత్తు ఎక్కారు. ఏమీ వినిపించలేదు. దిగి, డిస్ట్రిబ్యూటరును ఇంకాస్త ముందుకు జరిపాడు. మళ్ళీ ఎక్కారు. నిశ్శబ్దం. ఇంకాస్త జరిపాడు. బావమరిది ఆయన ముఖంలోకి చూసి, నియమం తలచుకొని పెదవులు బిగించి, చెప్పినట్టే తొక్కాడు. కొసకు చేరకముందే కారు వణికి, నీరసించి, ఆగిపోయింది.

మేస్త్రి నూనె పోసే చోట మూత విప్పాడు. పొగ ఎగదన్నింది. పిస్టను కాలి చిల్లుపడిందని తెలియడానికి చెవితో పని లేదు.

"శబ్దం వచ్చిందా?" అని మెల్లగా అడిగాడు.

"మొదటిసారి నుంచీ వస్తూనే ఉంది బావా, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు. నువ్వు వింటున్నావు కదా అని ఊరుకున్నా."

మేస్త్రి రోడ్డు అంచున కూలబడ్డాడు.

"మీ అక్కకు చెప్పకు."

"అక్క ఎప్పటి నుంచో అంటూనే ఉంది. నేనే నమ్మలేదు."

అటు తిరిగి గొణిగిన ఆ జవాబు మేస్త్రికి అందలేదు. తిరిగి అడగనూ లేదు. చల్లబడుతున్న ఇంజను సన్నగా టిక్కుటిక్కుమంటుంటే, బావమరిది ఒక్కడే విన్నాడు.