బిజిలీ కాలి కట్టు ఎవరు విప్పారు?

ఫసలీ 1350, ఇంగ్లీషు లెక్కలో 1941. వనపర్తి పశువుల దవాఖానలో నేను డ్రెస్సర్‌ని. గాయాలు కడిగి కట్టు కట్టడం నా పని. పెద్ద వైద్యుణ్ణి ఊళ్ళో అందరూ సలోత్రి సాబ్ అనేవారు. నన్ను ఎవరికి తోచినట్టు వారు పిలిచేవారు. ఇరవై రెండేళ్ళ వయసులో నాకు గాయాల సంగతి, గుర్రాల సంగతి క్షుణ్ణంగా తెలుసనుకునేవాణ్ణి. గుర్రాల సంగతి మొదటి నెలలోనే రెండు తన్నులతో తేలిపోయింది. గాయాల సంగతి ఈ కేసులో తేలింది.

గోపాల్‌పేటలో టాంగా తోలే ఖాసీం దగ్గర ఒక ఆడ గుర్రం ఉండేది. పేరు బిజిలీ, అంటే మెరుపు. ఆ పేరు పెట్టినవాడు దాని నడక చూసి ఉండడు. వానాకాలంలో ఒకనాడు టాంగా గుంతలో ఒరిగి, చక్రం ఇనుప పట్టా గీసుకుని, దాని వెనక ఎడమకాలికి మోకాలి కింద తోలు జానెడు మేర లేచిపోయింది. గుర్రానికి ఆ చోట మాంసం ఉండదు. ఎముక, దాని మీద బిగుతుగా తోలు, అంతే. అందుకే అక్కడి గాయం ఒక పట్టాన మానదు. బిజిలీ నడిస్తేనే ఖాసీం ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అది నడవలేదు గనక నేనే రోజు విడిచి రోజు సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేవాణ్ణి.

సలోత్రి సాబ్ సెలైన్ డ్రెస్సింగ్ చెయ్యమన్నారు. పేరు ఘనమే గాని, అది కాచి చల్లార్చిన సేరు నీళ్ళలో రెండు చిన్న చెంచాల ఉప్పు. దానితో గాయం కడిగి, అదే నీటిలో తడిపిన పల్చటి గుడ్డ పరిచి, దూది పెట్టి, బ్యాండేజీ చుట్టాలి. ఆ కాసేపు గుర్రం కదలకుండా ట్విచ్ వెయ్యాలి. అంటే కర్రకు కట్టిన తాడుతో దాని పై పెదవిని మెలిపెట్టి పట్టుకోవడం. ఖాసీం ట్విచ్ పట్టేవాడు. బిజిలీ నన్ను గుర్తు పెట్టుకునేది.

రెండు వారాలకు గాయంలో దానిమ్మ గింజల్లా ఎర్రటి కొత్త కండ లేచింది. దీన్ని గ్రాన్యులేషన్ అంటారు. ఆ తర్వాత అంచుల నుంచి సన్నటి లేత చర్మం లోపలికి పాకడం మొదలైంది. నేను నూనె కాగితం పెట్టి ప్రతిసారీ గాయం హద్దు పెన్సిలుతో గీసుకునేవాణ్ణి. ఒకదానికన్న ఒకటి చిన్నదవుతున్న ఆ బొమ్మలను దవాఖానకు వచ్చిన ప్రతివాడికీ, అడగకపోయినా, చూపించాను.

మూడోవారం వెళ్ళేసరికి కట్టు సగం ఊడి వేలాడుతోంది. లేత చర్మం లేదు. గాయం పచ్చిపుండయింది. మళ్ళీ కట్టాను. మళ్ళీ అంతే.

"ఏంది చాచా గిది? కట్టు ఎవరు విప్పిన్రు?"

"నాకేం తెల్వదు డ్రెస్సర్ సాబ్," అన్నాడు ఖాసీం. "మీ చాచీనడుగు. పసుపు పెడదాం, బూడిద పెడదామని ఒకటే లొల్లి."

లోపలి నుంచి అతని భార్య హుసేన్ బీ గొంతు వినిపించింది. "నా పేరెందుకు తీస్తవ్? నేను దాని కాడికి పోతే తంతది. నిన్ను గూడ తన్నాలె, దానికి తెలివి లేక ఊకుంటది."

ఊరికి ఊరు తలా ఒక మాట చెప్పింది. దిష్టి అన్నారు. వేరే టాంగావాడి పని అన్నారు. నేను చదువుకున్నవాణ్ణి గనక నాది శాస్త్రీయమైన అనుమానం: దురదకు గుర్రమే కొరుక్కుంటోంది. వెంటనే క్రేడిల్ కట్టాను. అంటే మెడ వంగకుండా చుట్టూ కర్రల దండ వెయ్యడం. బిజిలీ దాన్ని పెళ్ళికొడుకు పూలదండలా బరువుగా మోసింది. రెండురోజులకు వెళితే కర్రలు చెక్కుచెదరలేదు. కట్టు మాత్రం ఊడింది.

అప్పుడు నాకు రెండో శాస్త్రం తట్టింది. ఉప్పు చాలడం లేదు. ఉప్పు దండిగా ఉన్న ఆవకాయ ఏడాదైనా చెడదు గదా, గాయమెందుకు చెడుతుంది? ఎవరినీ అడగకుండా రెండు చెంచాలను ఆరు చేశాను. ఆనాటి నుంచి కట్టు ఒక్క పూట కూడా నిలవలేదు.

సలోత్రి సాబ్ వచ్చి చూశారు. గాయం ఎముక మీది పొర దాకా పోయేలా ఉంది.

"పది రోజులు చూస్త ఖాసీం," అన్నారు. "గిట్లనే ఉంటే తుపాకితో కాల్చుడే. బాధ పెట్టుడు మంచిగ గాదు."

ఖాసీం తల దించుకుని, "కాల్చేటప్పుడు జర నన్నే పట్టుకోనియ్యున్రి సాబ్. కొత్తోళ్ళు పడితే బెదురుతది," అన్నాడు.

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక పరిహాసం సిద్ధంగా ఉంటుంది. ఆ రోజూ ఉంది. మింగేశాను.

మర్నాడు కట్టు కట్టాక నేను వెళ్ళిపోలేదు. టాంగా చాటున నీడలో కూర్చున్నాను. ఖాసీం గడ్డికి పోయాడు. హుసేన్ బీ రొట్టెలు చేస్తోంది. మధ్యాహ్నం వేళకు ఆమె తెల్ల మేక మున్నీ మేత నుంచి వచ్చింది. ఎవరినీ పలకరించకుండా తిన్నగా కట్టు దగ్గరికి పోయి, వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది. తర్వాత బ్యాండేజీ కొస పళ్ళతో పట్టి లాగింది.

నన్ను ఆశ్చర్యపరిచింది మేక కాదు, బిజిలీ. నేను ముట్టుకుంటే ఇద్దరు మనుషులు, ఒక తాడు కావలసిన గుర్రం, తనంతట తానే కాలు ముందుకు చాచి, కింది పెదవి వేలాడేసి, కళ్ళు అరమోడ్చి నిలబడింది. మానుతున్న గాయం దురద పెడుతుంది. గరుకు నాలుకతో ఆ దురద తీరుతుంది. మేకకు ఉప్పు, గుర్రానికి సుఖం. ఇన్నాళ్ళూ నేను గుర్రానికి మందు కట్టలేదు, మేకకు విందు పెట్టాను.

"చాచీ! దొంగ దొరికిండు!" అని అరిచాను.

హుసేన్ బీ రొట్టెల కర్రతో ఉరికొచ్చింది. "ఎవడాడు?"

"మీ మున్నీ."

"పాలిచ్చే మేక మీద నింద ఏస్తున్నవా బేటా?" అంది. అంతలో మేక నోట్లోంచి వేలాడుతున్న మూరెడు బ్యాండేజీ చూసింది. "ఆకలైందేమో, పాపం."

అప్పుడే గడ్డిమోపుతో వచ్చిన ఖాసీం మేకను, నన్ను మార్చి మార్చి చూశాడు. "గుడ్డపేలిక దానికెందుకు గంత రుచైంది?"

"ఉప్పు చాచా. నేనే ఎక్కువేసిన. మూడింతలు."

ఖాసీం మోపు దించాడు. "మా ఇంట్ల కూరల గూడ గంత ఎయ్యరు సాబ్."

మేకను పెరటి అవతల కట్టేశారు. నేను ఉప్పును రెండు చెంచాలకు దించి, ఆ చేదుకు మళ్ళీ ఏ నోరూ తగలదని కట్టు పైన వేపనూనె రాశాను. పదోరోజు సలోత్రి సాబ్ కట్టు విప్పారు. గాయం అంచున వెంట్రుకంత సన్నగా లేత చర్మం కనిపించింది. సలోత్రి సాబ్ వంగి చూసి, "కాల్చే పని లేదు," అన్నారు. ఖాసీం బిజిలీ మెడకు మొహం ఆనించి అట్లాగే ఉండిపోయాడు. అది ఆ సందులో అతని చొక్కా నమిలింది.

తిరుగుదారిలో సలోత్రి సాబ్‌కు జరిగిందంతా చెప్పాను.

"ఆ పాకల మేక ఉన్నదని నీకు ముందుగాల తెల్వదా?"

"తెలుసు సార్. దాని పాలతోనే నాకు చాయ్ పోసేటోళ్ళు."

ఆయన నవ్వలేదు. "ఉప్పు ఎంత ఏసినవో రిజిస్టర్ల నువ్వే రాయి. మేక సంగతి నేను రాస్త," అన్నారు.

గాయం పూర్తిగా మూతపడడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మచ్చ మీద వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. బిజిలీ మళ్ళీ టాంగా లాగింది, మునుపటంత నెమ్మదిగానే.

నేను కట్టు దగ్గర ఉండేది అరగంట. మిగిలిన పొద్దంతా గాయం ఆ ఇంటి మనుషులతో, పశువులతో కాపురం చేస్తుంది. ఈ సంగతి నేర్చుకోవడానికి ఒక గుర్రం ప్రాణం మీదికి తెచ్చాను. ఇప్పుడు ఎక్కడికి పోయినా సంచి విప్పకముందే, ఇక్కడ ఎవరెవరు ఉంటారని అడుగుతాను. మొన్న బల్మూర్‌లో ఒక రైతు ఎద్దు పుండు చూపించబోతూ ఆగి, ఇద్దరు కొడుకులు, ఒక కోడలు అని లెక్క చెప్పాడు. పశువుల గురించి కూడా అడిగితే అనుమానంగా చూశాడు.

"జనాభా లెక్కల గవి గూడ రాస్తున్రా సారూ?"

"రాస్తున్నం," అన్నాను. "ముందుగాల మేకల లెక్క చెప్పు."