వీరలక్ష్మి వేసిన కేక

కోటిలింగం సర్కస్‌కి పేరు తెచ్చింది సింహమూ కాదు, జోకరూ కాదు. ఒక కేక. ఊయలలాటకి పైకెక్కినవాళ్లు, కింద వల కట్టిన మనిషి దాన్ని అరచేత్తో చరిచి ‘కట్టాను’ అని అరిచేదాకా చేతులు వదలకూడదు. పెద్దాయన కోటిలింగం తమ్ముడు గుడివాడలో పైనుంచి పడి చచ్చిపోయాక పెట్టుకున్న కట్టడి అది. బందరులో పిల్లకాయలు బడికి పోతూ కూడా ‘కట్టాను’ అని అరుచుకునేవారు.

వల కట్టేది పెద్దాయన చిన్నకోడలు వీరలక్ష్మి. కోడూరు దగ్గర వలలల్లే ఇంట్లో పుట్టింది. అవనిగడ్డలో డేరా వేసినప్పుడు చిరిగిన వల బాగుచెయ్యడానికి వచ్చి, ఆ ఇంటి చిన్నకొడుకుని పెళ్లాడి ఉండిపోయింది. మొగుడు జ్వరమొచ్చి పోయినా వల ఆమె చేతిలోనే ఉంది. ఏ ఊళ్లో దిగినా ముడి ముడీ లాగి చూడనిదే అన్నం ముట్టేది కాదు. ‘దాని రెండో మొగుడు ఆ వల’ అని తోటికోడలు ఎగతాళి చేసేది. చెయ్యదా మరి, తన పిల్లలు అందులో పడి నవ్వుకుంటూ లేచి వస్తుంటే!

తొంభైల చివరికి ఇంటింటికీ టీవీ వచ్చింది. జంతువుల్ని ఆడించకూడదని సింహాల్ని పట్టుకుపోయారు. బెంచీలు ఖాళీ. పెద్దాయన పోయాక పెత్తనం చేస్తున్న పెద్దకొడుకు పూర్ణచంద్రరావుకి అప్పుడో తెలివి పుట్టింది. బంటుమిల్లిలో ఆట ముగియగానే వల చుట్టించి రొయ్యల చెరువులవాళ్లకి అమ్మేశాడు. గుడివాడ గోడలనిండా ‘వల లేకుండా!’ అని పోస్టర్లు అంటించాడు.

“బావగారూ, పైకెక్కేది నా పిల్లండీ,” అంది వీరలక్ష్మి.

“నీ సుగుణ ఎప్పుడన్నా పడిందా? పడనిదానికి వలెందుకమ్మా? జనం వచ్చేది పడుద్దేమో చూద్దామనే.”

నిజమే చెప్పాడు మహానుభావుడు. ఆ రోజు డేరాలో ఇసుకేస్తే రాలని జనం. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సుగుణ నిచ్చెనెక్కి ఊయల పట్టుకుని ఆగింది. కింద వల లేదు, ఇసుక కనిపిస్తూనే ఉంది. అయినా ఊహ తెలిసినప్పటినుంచీ ఆ కేక వినకుండా కదిలిన పిల్ల కాదు. తల్లి వైపు చూసింది. బ్యాండువాళ్లు వాయించిందే మళ్లీ వాయించారు. జనం ఈలలు వేశారు. ‘భయమైతే దిగిపోవే’ అని ఎవడో అరిచాడు. మైకు పక్కనుంచి పూర్ణచంద్రరావు వీరలక్ష్మిని చూసి పళ్లు కొరికాడు.

దిగిపో తల్లీ అనడానికే ఆమె నోరు తెరిచింది. అంతమందిలో పిల్ల నవ్వులపాలవుతుందన్న సిగ్గో, ఇన్నేళ్ల అలవాటో, నోట్లోంచి వచ్చింది మాత్రం ఆ కేకే.

“కట్టాను!”

సుగుణ చేతులు వదిలేసింది. అవతలి ఊయల బెత్తెడు దూరంలో తప్పిపోయింది.

పిల్ల బతికింది. నడుం కింద చచ్చుబడింది. “వల లేదని తెలుస్తానే ఉందమ్మా. నువ్వన్నాక చేతులు వాటంతటవే వదిలేసినయ్,” అంది ఆస్పత్రిలో. అంతకంటే తల్లిని నాలుగు తిట్టినా బాగుండేది.

సర్కస్ అక్కడితో సరి. ఆ డేరా గుడ్డలతోనే పూర్ణచంద్రరావు గుడివాడలో పెళ్లిపందిళ్ల వ్యాపారం పెట్టాడు. కొట్లో తండ్రి ఫొటోకి దండ వేసి, ‘నాన్నగారి పేరు నిలబెట్టాం’ అని వచ్చినవాళ్లందరికీ చెప్తాడు. సిగ్గుండాలి.

వీరలక్ష్మి పిల్లని తీసుకుని కోడూరు చేరింది. దొరికిన కూలికల్లా పోతోంది. ఒక వేసవిలో కృపావరం అనే చెరువు రైతు కబురు పెట్టాడు. రొయ్యల మీద కొంగలు వాలకుండా కప్పిన వల చిరిగిందట. చేత్తో పట్టుకోగానే ఆమెకి తెలిసిపోయింది. ఆ ముడులు తనవే.

“ఇది లేకపోతే ఏం బాబూ?” అంది.

“వల లేకుండా రొయ్యల్నెవడన్నా వదులుతాడా? మతిపోయిందేంటమ్మా?”

పొద్దువాలేదాకా కూర్చుని వల కన్ను ఒక్కటి కూడా వదలకుండా కట్టింది. చివరి ముడి బిగించి, అలవాటు చొప్పున అరచేత్తో చరిచింది.

“కట్టావా అమ్మా?” అని అవతలి గట్టు మీదనుంచి అడిగాడు కృపావరం.

నోరు తెరిచింది.

“మీరే వచ్చి చూసుకోండి బాబూ,” అని గబగబా గట్టు దిగి ఇంటిదారి పట్టింది.