బావ తెచ్చిన సాపాటు

విందు బాగుంటే వంటమాస్టరుకు పేరొస్తుంది. ఆలస్యమైతే డ్రైవరుకు తిట్లొస్తాయి. ఈ రెండూ తప్ప కేటరింగ్ లోకంలో ఇంకో న్యాయం లేదు. తిరువళ్ళూరులో నటరాజ్ గారి కేటరింగ్ బండి తోలే వరదన్ నాలుగేళ్లుగా ఆ రెండో వాటా మాత్రమే తింటున్నాడు.

అంతకు ముందు ఆయన నేతగాడు. తాతల నాటి మగ్గం మీద ఇరవై ఏళ్లు చీరలు నేశాడు. మరమగ్గాలొచ్చి చేతిమగ్గం మూలపడ్డాక, చేతులు ఊరుకోవు గనక స్టీరింగు పట్టుకున్నాడు. మగ్గం మీద పోగు తెగితే ముడి వేసుకోవచ్చు గానీ, కడంబత్తూరు రైల్వే గేటు పడితే ఏ ముడీ వెయ్యలేమని మొదటి వారంలోనే తెలుసుకున్నాడు.

ఆయన బండి చిన్న ట్రక్కు. ఆ వైపున దాన్ని కుట్టి యానై అంటారు, అంటే గున్న ఏనుగు. దాని కడుపులో సాంబారు అండా, రసం అండా, అన్నం పాత్రలు, పాయసం బిందెలు, అన్నిటికీ అరిటాకు కప్పి, పైన మూత పెట్టి, తాడు కట్టి ఉంటాయి. ఒక్క ఉదయంలో నాలుగైదు చోట్ల దించాలి. ఒక ఆఫీసులో మీటింగు రెండో అంతస్తులో ఉంటుంది, లిఫ్టు మనుషులకే గానీ సాంబారుకు కాదంటారు. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ రసం ఎన్ని లీటర్లో రిజిస్టరులో రాయనిదే లోపలికి వదలడు. ఒక సీమంతం ఇంట్లో ముసలమ్మలు మూత తీసి, గరిటె ముంచి, చేతిలో వేసుకుని నాకి, "ఉప్పు చాల్లేదే" అని ఆయన్నే నిలదీస్తారు. వండింది తాను కాదని చెబితే, "తెచ్చింది నువ్వే కదా" అంటారు. రోజుకు ఆరువందల మందికి అన్నం మోసే ఈ మనిషిని "నువ్వు తిన్నావా" అని అడిగినవాడు మాత్రం ఇంతవరకు పుట్టలేదు. అడిగేలోగా ఆయన ఇంకో ఊరికి పోవాలి, ఆ మాటా నిజమే.

ఇన్ని తిట్లలో ఆయనకు మానని తిట్టు ఒకటుంది. అది బావమరిది దేవేంద్రన్‌ది.

నాలుగేళ్ల కిందట, వరదన్ బండెక్కిన కొత్తల్లో, తిరుత్తణిలో దేవేంద్రన్ గృహప్రవేశం చేశాడు. పన్నెండున్నరకు రావలసిన భోజనం, నాలుగు చోట్ల దించి, రెండు గేట్లు దాటి, మూడుగంటలకు చేరింది. చుట్టాలందరూ బస్టాండు హోటలుకు పోయి పరోటాలు తిని వచ్చారు. దేవేంద్రన్ గుమ్మంలో నిలబడి, అందరూ వినేటట్టు, "మా బావ సాపాటు తేలేదప్పా, సాయంత్రం టిఫిన్ తెచ్చినాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. వరదన్‌కు ఒళ్లు మండింది. "నీ గడప మళ్ళా తొక్కితే నన్ను అడుగు" అని బండి తిప్పేశాడు. ఆయన భార్య శశికళ దేవేంద్రన్‌కు సొంత అక్క. ఆమె మొగుడి వెంట బండెక్కింది. ఆ రోజు నుంచి, ఆ తరువాత జరిగిన దేవేంద్రన్ పెళ్లికి కూడా, పుట్టింటి మనుషులు పిలవలేదు, ఈమె పోలేదు. మగవాళ్ల రోషాలకు ఆడవాళ్ల పుట్టిళ్లే గదా ముందు మూతపడేది.

ఇప్పుడా దేవేంద్రన్ కూతురు నివేదకు రెండో ఏడు. ఆడికృత్తిక, అంటే ఆషాఢ కృత్తిక పండగ నాడు, తిరుత్తణి మురుగన్ సన్నిధిలో గుండు కొట్టించి, కింద మండపంలో చెవులు కుట్టించి, నూటయాభై మందికి భోజనాలు పెడుతున్నాడు. మేనత్త అయిన శశికళకు కబురు లేదు. భోజనాలకు మాత్రం నటరాజ్‌కే చెప్పాడు. నటరాజ్ వంటవాళ్లు పెట్టే వత్తకుళంబు పులుసు మీద అతనికి కోపం లేదు, తెచ్చినవాడి మీదే. అందుకే, "డ్రైవరు మా బావ కాకుండా చూడండి" అని కూడా చెప్పాడు.

నటరాజ్ చూశాడు గానీ ఫలితం లేకపోయింది. ముందురోజు వరదన్‌ను పిలిచి చెప్పాడు.

"వరదా, మిగతా ఇద్దరు డ్రైవర్లూ కావడి ఎత్తుకోని కొండకు పోయినారు. ఉండేది నువ్వే. అండాలు దించేసి, మొగం చూపించకుండా వచ్చేయ్."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే శశికళ నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"మొగం చూపించకుండా ఎట్లా దించుతావు? ముసుగేసుకుంటావా? టయానికి పో సామీ, అది చాలు. నువ్వు టయానికి పోతే వాడే నన్ను పిలుస్తాడు. ఈసారీ తప్పిందంటే ఇంక నాకు పుట్టిల్లు లేదనుకుంటా."

ఆ మాటలో ఏడుపు లేదు గానీ, ఏడ్చినా వరదన్ అంత భయపడేవాడు కాదు.

ఆడికృత్తిక తెల్లవారుజామునే వంటశాలకు పోయాడు. ఎనిమిదిన్నరకు బండి నిండింది. ఆఫీసులో రెండంతస్తులు తానే మోశాడు, ఎవరినీ బతిమాలలేదు. కడంబత్తూరులో గేటు తెరిచే ఉంది. అది చూసి ఆయనకు ఆనందం బదులు అనుమానం వచ్చింది. సీమంతం ఇంట్లో ముసలమ్మ గరిటె ముంచేలోపే, "ఉప్పు చాల్లేదు, నాకు తెలుసు అవ్వా" అని తానే చెప్పి బయటపడ్డాడు. పదకొండుకు పెద్దరోడ్డెక్కాడు. మిగిలింది దేవేంద్రన్ భోజనమే.

పదకొండున్నరకు, తిరుత్తణికి మూడు కిలోమీటర్ల ముందు, పోలీసులు రోడ్డుకు అడ్డంగా ఇనప కంచె పెట్టి ఉన్నారు. అవతల జనం. పూలకావడులు, పసుపు బట్టలు, నున్నటి గుండ్లు, "అరోహరా" అని కేకలు. ఏ బండీ లోపలికి పోకూడదట. కార్లలో వచ్చినవాళ్లు కార్లను అక్కడే వదిలి నడుస్తున్నారు. వరదన్ కానిస్టేబుల్ దగ్గర చేతులు కట్టుకున్నాడు.

"సార్, ఫంక్షన్ సాపాటు సార్. పన్నెండున్నరకు ఇచ్చెయ్యాల సార్."

"ఈ రోజు అందరికీ ఫంక్షనే. బండి ఓరంగా ఆపు."

నెత్తిన పెట్టుకుని పోదామా అంటే నూటయాభై మంది భోజనం. ముందుకు పోతే కానిస్టేబుల్, వెనక్కు పోతే శశికళ. బండి ఓరకు తీసి ఆపేసరికి ఫోను మోగింది. ఆమే.

"యాడుండావు?"

"దగ్గరకొచ్చేసినా. ఇదో, అయిపాయె."

అబద్ధం చెప్పి పెట్టేశాడు. అంతలో ముక్కుకు రసం వాసన తగిలింది. ఇందాక గట్టిగా బ్రేకు వేసినప్పుడు అండా ఒలికిందేమో అని దిగిపోయి, బండి వెనక తలుపు తీశాడు.

అదే ఆయన చేసిన తప్పు. పుట్టినప్పటి నుంచి మురుగన్ కొండను చూస్తూ పెరిగిన మనిషి మరిచిపోకూడని సంగతది. ఆడికృత్తిక నాడు ఆ రోడ్డు మీద అండాలున్న బండి తలుపు తెరిచిందంటే దానికి ఒకటే అర్థం: అన్నదానం. చెప్పనక్కర్లేదు, బోర్డు కట్టనక్కర్లేదు. ఆయన రసం మూత సరిచేసి తిరిగి చూసేసరికి ముప్పైమంది వరుసలో నిలబడి ఉన్నారు.

ముందున్నది రంగనాయకమ్మ అనే ముసలామె. కొండెక్కి, కావడి చెల్లించి, ఖాళీ కావడి భుజాన వేసుకుని తిరిగి నడుస్తోంది.

"నాయనా, నిన్న పొద్దున్నించీ ఒక్కపొద్దు. పెట్టు నాయనా, మీ పిల్లోళ్లు చల్లగుండాల."

లేదని చెప్పడానికి వరదన్ నోరు తెరవబోయాడు. కావడి మోసిన మనిషి ఆ రోజు చెయ్యి చాపితే లేదనే మాట ఆ సీమలో ఎవరి నోటా రాదు. ఆమె ఒక్కదానికీ పెట్టి తలుపు మూద్దామనుకున్నాడు. అరిటాకు సగం చించి, అన్నం పెట్టి, సాంబారు పోశాడు. ఒకరికి పెట్టి తలుపు మూసిన అన్నదాత లోకంలో ఎవడైనా ఉన్నాడా? ఆమె పక్కకు జరిగింది, వెనకాయన ముందుకొచ్చాడు. ఆయన వెనక కడుపుతో ఉన్న పిల్ల. ఆ పిల్ల వెనక గుడ్డివాడు. గరిటె దించే చోటేదీ?

కాసేపటికి వరదన్‌కు ఇంకో చిక్కు వచ్చింది, అది చెప్పుకుంటే సిగ్గు. వాళ్లు తింటుంటే చూడటం ఆయనకు బాగుంది. నాలుగేళ్లలో తాను మోసిన అన్నాన్ని ఎవరైనా తినడం ఆయన చూసిందే లేదు. ఒకాయన వత్తకుళంబు వేళ్ల దాకా నాకి "అబ్బా!" అన్నాడు. పట్టుచొక్కా వేసుకుని, చేతిలో బహుమతి సంచి పట్టుకున్న ఇంకో పెద్దమనిషి, బంధుబలగంతో సహా వరుసలోకి దూరి, మూడు వడలు అడిగి తీసుకున్నాడు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తి అయినా పరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడు ఎవరివాడూ కాకపోయినా మూడు వడలు దొరికాయి.

అండా సగానికి దిగాక కానిస్టేబుల్ వచ్చాడు. ఆయన చేతిలోనూ ఆకుంది.

"అన్నదానం బండి అని ముందే చెప్పకూడదా అయ్యా? అన్నదానం బండ్లను లోపలికి వదలమనే ఆర్డరు. ఇక్కడ పెడితే దారి ఆగిపోతాది. తియ్, లోపలికి పో!"

తానే కంచె జరిపాడు. వరదన్ తలుపు మూసి, బండెక్కి, జనం మధ్య హారన్ కొట్టుకుంటూ, పన్నెండు ఇరవైకి మండపం ముందు ఆగాడు. పది నిమిషాలు ముందే వచ్చాడు. సగం సాపాటుతో.

మండపంలో పట్టుమని పాతికమంది లేరు. చెవులు కుట్టే ఆచారి జనంలో ఎక్కడో చిక్కుకున్నాడట, ఇంకా రాలేదు. గుండు మీద గంధం పూసుకున్న నివేద నేల మీద కూర్చుని అప్పళం కొరుకుతోంది. దేవేంద్రన్ బండి దగ్గరకొచ్చాడు. బావను చూశాడు, గడియారం చూసుకున్నాడు, మూత తీశాడు. అండాలోకి చూశాడు.

"ఏంది బావా ఇది?"

నాలుగేళ్ల తరువాత వాళ్ల మధ్య మొదటి మాట అది. వరదన్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒక్క ముక్కా దాచలేదు. చివరకు, "నన్నేమన్నా అను. మీ అక్కను మాత్రం దీంట్లోకి ఈడ్చొద్దు. ఆ మనిషి నాలుగేళ్లుగా పండగ పూట పట్టుచీర కట్టలేదు" అన్నాడు.

దేవేంద్రన్ ముఖం ఎర్రబడింది. అరవబోయాడనే అనుకోవాలి. సరిగ్గా అప్పుడు ఆవడి నుంచి రావలసిన అతని అత్తవారి బలగం, నలభైమంది, చెమటలు కక్కుతూ మండపంలోకి నడిచి వచ్చింది. ముందు పట్టుచొక్కా పెద్దమనిషి, అంటే దేవేంద్రన్ మామగారు.

"ఆలస్యమైపోయింది అల్లుడూ. సాపాటు మాకు వద్దు, కడుపులో జాగా లేదు. దోవలో ఎవరో పుణ్యాత్ముడు అన్నదానం చేస్తా ఉన్యాడు. ఏం వత్తకుళంబు! నువ్వు పెట్టేది ఆ మాదిరి ఉంటుందో లేదో..." అని, వరదన్‌ను చూసి ఆగిపోయాడు. "ఇదో! ఈయనే! సామీ, ఇక్కడ కూడా మీరేనా?"

దేవేంద్రన్ మామగారి వైపు చూశాడు. సగం అండా వైపు చూశాడు. తన విందును తన చుట్టాలే రోడ్డు మీద ముందుగా కానిచ్చేసి, ఇప్పుడు తన ఎదుటే పొగుడుతున్నారని అర్థమయ్యేసరికి నవ్వు పొంగుకొచ్చింది. స్తంభం పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని అన్నాడు.

"పోయినసారి నేను అన్న మాట పెద్దది బావా. అనకుండా ఉండాల్సింది." బావ మొహం మీది చెమట చూశాడు. "నువ్వు తిన్నావా?"

వరదన్ తల అడ్డంగా ఊపాడు. దేవేంద్రన్ ఆయన్ను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఆకు వేసి, తానే అన్నం వడ్డించాడు. తరువాత జేబులోంచి ఫోను తీశాడు.

"అక్కా, నేను. ఆచారి ఇంకా రాలేదు. నువ్వొచ్చినాకనే చెవులు కుట్టేది. రోడ్డంతా అడ్డం కట్టేసినారు, రైలుకు బయల్దేరు. యాడుండావు?"

అవతలి జవాబు విన్నాడు. ఫోను చెవి దగ్గరే ఉంది. అట్లాగే వరదన్ వైపు తిరిగాడు.

"తిరుత్తణి స్టేషన్లోనే ఉందంట బావా. పొద్దున తొమ్మిదింటి నుంచీ బెంచీ మీద కూర్చోనుందంట, పాపకు కమ్మలు చేత పెట్టుకోని. పిలిస్తే వెంటనే రావొచ్చని."

వరదన్ అన్నం ముద్ద ఆకులో వదిలి, తాళంచెవి కోసం జేబు తడుముకుంటూ లేవబోయాడు. దేవేంద్రన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టాడు.

"నువ్వు తిను. అక్కను పిల్చుకొచ్చేదానికి డ్రైవరెందుకు బావా?"

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, ఆ జనంలోకి పరుగెత్తాడు.