చెయ్యి జారిన గుర్తు

మా బాబాయి తలుపుల మీద తీగలూ ఆకులూ చెక్కుతాడు. నడుంనొప్పి పట్టుకున్నాక, కంప్యూటర్లో గీసిన బొమ్మను దానంతటదే చెక్కే సీఎన్‌సీ మిషన్‌ను వెనకగదిలో సొంతంగా తయారుచేసుకున్నాడు. పాడైన జిరాక్స్ మిషన్ల మోటార్లు, ఇనుప పట్టీలు, ఆఖరికి పిన్ని కుట్టుమిషన్ బల్ల కూడా దానికే సమర్పణ. అది వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కింది.

మొదటి తలుపు చూసిన ఆసామి పెదవి విరిచాడు. "మిషన్ పనిలా ఉందండీ. చేతిపనికుండే కళే వేరు."

బాబాయికి ఒళ్ళు మండింది. ఆసామి అటు తిరగగానే ఉలి తీసి, మూడో ఆకు మీద ఒక గాటు పెట్టాడు. ఆసామి దాన్ని తడిమి మురిసిపోయాడు. "ఇక్కడ చెయ్యి జారింది చూశారా? అదీ పనితనమంటే!"

ఆ ఒక్క గాటు కోసం మళ్ళీ నడుం వంచడమెందుకని, బాబాయి దాన్నీ కంప్యూటర్లో గీసేశాడు. ఇప్పుడు మా వీధిలో సగం తలుపులకు మూడో ఆకు మీదే చెయ్యి జారి ఉంటుంది. అందరూ మెచ్చుకునేవాళ్ళే.

పిన్ని మాత్రం ఒకరోజు ఆ తలుపులన్నీ చూసుకుంటూ వచ్చి అడిగింది. "అన్నేళ్ళు చేత్తో చెక్కారు, ఒక్కసారైనా జారిందాండీ?"